రెండంగుళాల అబద్ధం

ఆస్పత్రి వెనకవైపు, బట్టలుతికే గదికీ మందుల గోదాముకూ మధ్య ఒక పొడవాటి గది ఉంది. మూడు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడ పొడవునా దుప్పట్ల అరలు. చిరిగిన దుప్పట్లు, బొత్తాలు ఊడిన రోగుల చొక్కాలు, నర్సుల కోట్లు, వార్డుల పరదాలు అన్నీ అక్కడికే చేరతాయి. ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా కుట్టుపని చేస్తున్న ఆవిడను అందరూ పుల్లక్క అంటారు. కొత్తగా చేరిన నర్సులు ఆ పేరు విని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. యాభయ్యో ఏట ఆవిడలో పుల్లను గుర్తుచేసేది ఏదీ లేదు మరి. నిండుగా, గుమ్మానికి సరిపడా ఉండేది మనిషి.

ఆ పేరు పెట్టింది మేనత్త. పద్నాలుగు నెలల తేడాతో పుట్టిన ఇద్దరు మేనకోడళ్ళను పక్కపక్కన నిలబెట్టి, "ఒకటి పుల్ల, ఒకటి బంతి. ఇక మీ ఇంట్లో ఆటవస్తువులు కొనక్కర్లేదురా తమ్ముడూ" అని తన మాటకు తనే పడీపడీ నవ్విందట. నవ్విన ఆవిడ పోయి ఎన్నాళ్ళో అయింది, పేర్లు మాత్రం పోలేదు. పెద్దది పుల్ల, చిన్నది బంతి.

బంతికి చదువు వచ్చింది, గొంతు వచ్చింది, మాటకారితనం వచ్చింది. ఆ పిల్ల గదిలోకి వస్తే గదిలో ఇంకో దీపం పెట్టినట్టుండేది. చుట్టాలు వస్తే ముందు దాన్నే పిలిచేవాళ్ళు, దాని కబుర్లే వినేవాళ్ళు. అంతా అయ్యాక ఎవరో ఒకరు, "బంగారంలాంటి పిల్ల, కానీ ఒళ్ళు కాస్త తగ్గితేనా" అనేవాళ్ళు. ఆ 'కానీ' కోసమే పుల్లక్క తలుపు చాటున కాచుకుని ఉండేది. అది వినబడగానే ప్రాణం లేచొచ్చేది. అప్పుడిక అందరి చూపూ తన మీదికి తిరిగేది. "దీన్ని చూడండి, ఏం తిన్నా ఒంటికి పట్టదు. ఏది వేసినా నప్పుతుంది."

అలా చెల్లెలికి రాసిచ్చినవన్నీ రాసిచ్చేసి, ఆ ఒక్కటి మాత్రం తనకోసం ఉంచుకుంది పుల్లక్క. చెల్లెలికి పెద్ద ఆస్పత్రిలో ముందు హాల్లో రిసెప్షన్ ఉద్యోగం వచ్చింది. తనకు అదే ఆస్పత్రిలో వెనక గది దొరికింది. చెల్లెలి మొగుడు పెళ్ళాం మాట జవదాటని మనిషి. తన మొగుడు మంచివాడే, సరుకుల వ్యాను నడుపుతాడు, పెళ్ళాం మాట వినడం మాత్రం అలసటగా ఉంటుంది ఆయనకు. పోనీ. చెల్లెలు ఎదురుపడ్డప్పుడల్లా ఆమె కోటు నడుము దగ్గర బొత్తాలు ఎంత బిగిశాయో ఓరకంట చూసుకుని, తన పనికి తను వెళ్ళిపోయేది. ఆ చూపుతో లెక్కంతా సరిపోయేది.

నలభై ఆరో ఏట పుల్లక్క ఒళ్ళు మాట వినడం మానేసింది. నెలసరి దారి తప్పింది, నిద్ర పలచబడింది, నడుము చుట్టూ మెల్లగా ఒక మెత్తటి వలయం చేరింది. తిండి మారలేదు, నడక మారలేదు, ఒళ్ళే మారింది. తన బట్టల కుట్లు తనే విప్పి వదులు చేసుకునేది, ఇస్త్రీ తాత టీ తాగడానికి వెళ్ళినప్పుడు, తలుపు దగ్గరికి వేసుకుని. కొలతలు చూడ్డానికి పెట్టిన నిలువుటద్దాన్ని, దుమ్ము పడుతోందనే వంకతో గోడవైపు తిప్పేసింది. "అద్దానికి దుమ్ము పడితే తుడుస్తారు గానీ, బళ్ళో పిల్లాడిలా గోడకు తిప్పి నిలబెడతారా అమ్మాయ్?" అన్నాడు ఇస్త్రీ తాత. ఆయన ఆ గదిలో మూలన బల్ల ముందు ముప్పై ఏళ్ళుగా కోట్లు ఇస్త్రీ చేస్తున్న ముసలాయన. పుల్లక్క వినిపించుకోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బంతికి మోకాలి నొప్పి మొదలైంది. రోజంతా కౌంటరు వెనక నిలబడే ఉద్యోగం. డాక్టరు కాస్త బరువు తగ్గమన్నాడు. బంతి ఏ పని పట్టినా మొండిగా పడుతుంది, అదీ అలాగే పట్టింది. మూడు నెలల్లో మోకాలు కుదుటపడింది. అక్కడితో ఆగాల్సింది. ఈలోగా పొగడ్తలు మొదలయ్యాయి. నర్సులు, డాక్టర్లు, మందుల కౌంటరు వాళ్ళు, చివరికి ఆస్పత్రికి వచ్చే రోగులు కూడా. "మేడమ్, మీరేనా?" "ఏం చేశారో మాకూ చెప్పండి." నలభై అయిదేళ్ళుగా ఆ 'కానీ' తగిలించుకుని బతికిన మనిషి బంతి. అది లేని మెచ్చుకోలు మొదటిసారి చెవినపడింది. ఇక ఆగలేకపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళ కుటుంబాలు కలిసి భోజనానికి కూర్చున్నాయి. పుల్లక్క మొగుడు, "మరదలు పదేళ్ళు వెనక్కి వెళ్ళిపోయిందే. మనమే ముందుకు పోతున్నాం" అంటూ తన పొట్ట మీద తనే దరువేసుకున్నాడు. ఆయన అన్నది తన పొట్ట గురించే. పుల్లక్కకు మాత్రం ఆ 'మనమే' ఒక్కటే వినబడింది.

"ఊరుకో బావా, అక్కకేం తక్కువ?" అంది బంతి.

ఆ మాట ఇంకా మంటపెట్టింది. జాలిపడే హక్కు ఇన్నేళ్ళూ తనది. ఇవాళ అది కూడా చెల్లెలు లాక్కుంది. పుల్లక్క కంచంలో ఉన్నదంతా కలిపి పక్కకు నెట్టి, కడుపులో బాగాలేదని లేచిపోయింది. బాగాలేని మాట నిజమే. కడుపు మండిపోతోంది.

ఆ మర్నాడే బంతి తన నీలం కోటు పట్టుకుని కుట్టుగదికి వచ్చింది. "అక్కా, వదులైపోయింది. కాస్త లోపలికి పట్టిపెట్టవూ."

పుల్లక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని, చెల్లెలి నడుము చుట్టూ టేపు తిప్పింది. బొటనవేలు కింద ముప్పై రెండు ఉంది. తన నడుము ఎంతో ఆమెకు తెలుసు. పెళ్ళయిన ఏడాది ఎంతో అదీ తెలుసు.

"ఎంతక్కా?" ఊపిరి బిగబట్టి అడిగింది బంతి.

"ముప్పై నాలుగు."

ఎందుకు అలా అందో ఆమెకు తెలియదు. నోట్లో సూదులుండబట్టి పొరబాటున జారిందని తర్వాత తనకు తానే చెప్పుకోబోయింది గానీ, ఆ సంగతి ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. బంతి మొహం వాడిపోవడం చూసింది. చూసి, సూదులు ఒక్కొక్కటే తీసి కోటుకు గుచ్చుతూ, "నడుము దగ్గర అంత తేలిగ్గా తగ్గదులే. మన వయసులో కొవ్వు అక్కడే కూర్చుంటుంది" అంది. 'మన వయసులో' అన్నప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

కోటు మాత్రం ముప్పై రెండుకే కుట్టింది. అబద్ధం నోటికి వచ్చింది గానీ చేతికి రాలేదు. వేసుకుంటే చక్కగా సరిపోయింది. బంతికి అనుమానమే రాలేదు. ఇంట్లో టేపు ఉన్నా ఆమెకు తన చేతి కొలత మీద నమ్మకం లేదు. చిన్నప్పటి నుంచీ అక్క కొలిచిందే కొలత.

ఆ తర్వాత ప్రతి నెలా బంతి వచ్చేది. కొన్నాళ్ళకు మూడు వారాలకే రాసాగింది. ప్రతిసారీ పుల్లక్క రెండంగుళాలు కలిపి చెప్పేది. కాటా మీద బరువు తగ్గుతోంది, పొగిడేవాళ్ళు పొగుడుతున్నారు, నడుము మాత్రం మొండికేసిందని బంతికి నమ్మకం కుదిరిపోయింది. "ఇంకో రెండంగుళాలక్కా. ఆ రెండూ పోతే ఇక చాలు" అనేది.

పుల్లక్క కథ ఇంకో దారిన నడుస్తోంది. చెల్లెలికి చేతనైంది తనకెందుకు చేతకాదు అనుకుంది. పొద్దున టీతో సరిపెట్టేది. మధ్యాహ్నం డబ్బా మూత తీయకుండానే సంచిలో పెట్టేసేది. అలా మూడు గంటల దాకా గెలిచేది. నాలుగు కొట్టేసరికి సూదిలో దారం ఎక్కేది కాదు. అప్పుడు దుప్పట్ల అరల వెనకున్న ఇరుకు సందులోకి వెళ్ళి, అక్కడ దాచిన బిస్కెట్ పొట్లం విప్పేది. నిలబడే తినేది. రుచి తెలిసేది కాదు, నమిలినట్టు కూడా గుర్తుండేది కాదు. ఒక పొట్లంతో మొదలైంది మూడుకు పోయింది. ఖాళీ కాగితాలు జేబులో కుక్కుకుని బయటికి వచ్చేటప్పుడు తనంటే తనకే రోత పుట్టేది. రేపటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టకూడదని ఒట్టు పెట్టుకునేది. మర్నాడు మళ్ళీ నాలుగు కొట్టేది.

"దుప్పట్ల సందులో ఎలకలు చేరినట్టున్నాయి అమ్మాయ్. బిస్కెట్ నలుసులు పడుంటున్నాయి" అన్నాడొకరోజు ఇస్త్రీ తాత, పెట్టె మీద నుంచి తల ఎత్తకుండా.

"మందు పెట్టిద్దాంలే తాతా."

"మందెందుకు? పాపం, ఆకలేసి తింటున్నాయేమో. కూర్చుని తినమని చెప్పు."

పుల్లక్క మిషను గట్టిగా తొక్కింది. ఆ చప్పుడులో మాట కలిసిపోయింది.

ఈలోగా చెల్లెలి ఒంట్లో మార్పులు ఆమె కంట పడుతూనే ఉన్నాయి. ఎండాకాలంలో కూడా కోటు కింద స్వెట్టరు. టేపు తిప్పేటప్పుడు తగిలే చేతులు మంచుముక్కల్లా ఉండేవి. కోటు కాలరుకు గుప్పెడు వెంట్రుకలు అంటుకుని వచ్చేవి. ముంజేతుల మీద పసిపిల్లలకుండేలాంటి మెత్తటి నూగు మొలిచింది. ఎప్పుడు నోరు విప్పినా తిండి కబుర్లే. ఇంట్లో అందరికీ వండి వడ్డించి, వాళ్ళు తింటుంటే కళ్ళప్పగించి చూస్తుందట. తను ఎప్పుడో తినేశానంటుందట.

ఒకరోజు కోటు భుజం కుట్టు కిందికి జారి ఉండడం చూసి పుల్లక్క చేయి ఆగిపోయింది. కుట్టుపని చేసేవాళ్ళకు తెలుసు, నడుము తగ్గుతుంది, చేయి తగ్గుతుంది, భుజం తగ్గదు. భుజం జారిందంటే కొవ్వు అయిపోయి ఒళ్ళు కండను తినడం మొదలుపెట్టిందని అర్థం. ఇరవై రెండేళ్ళలో ఆమె అలా జారిన భుజాలు చూసింది పైవార్డుల రోగుల చొక్కాల్లోనే.

ఆ క్షణంలో చెప్పేయొచ్చు. చెప్పలేదు. 'చెబితే కుళ్ళుతో అంటున్నానంటారు' అని సర్దిచెప్పుకుంది. అందులో నిజం లేకపోలేదు. అసలు నిజం మాత్రం వేరు. అన్నీ చూస్తూ కూడా ఆమెకు చెల్లెలి మీద జాలి కన్నా ముందు అసూయే కలిగింది. ఆ ఎముకల మీద, ఆ జారిన భుజం మీద కూడా. ఇది ఎంత అన్యాయమో ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట ఆరదు కదా.

ఒకనాటి ఉదయం బంతి మొగుడు కుట్టుగదికి వచ్చాడు. ఆయన ఎప్పుడూ అటు రాలేదు. చేతిలో టోపీ నలుపుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఒకసారి మీరైనా చెప్పండి. తినడం లేదు. అడిగితే తిన్నానంటుంది. పోట్లాడితే ఏడుస్తుంది. మీ మాటంటే వింటుంది."

"ఈ రోజుల్లో అందరూ చేసేదే మరిదిగారూ. డైటింగు."

"డైటింగు కాదొదినా, నాకు భయంగా ఉంది. నడుము దగ్గర ఇంకా రెండంగుళాలు తగ్గాలని ఒకటే మాట. నిద్రలో కూడా అదే కలవరిస్తోంది. ఆ రెండంగుళాలేమిటో నాకర్థం కావడం లేదు."

పుల్లక్క చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టేసింది. "చెబుతాను" అంది. చెప్పాలనే అనుకుంది కూడా. ఈసారి కొలతకు వచ్చినప్పుడు ఉన్న అంకె ఉన్నట్టు చెప్పేయాలి, ఇన్నాళ్ళూ టేపు మొదలు తెగిపోయి తప్పు చూపిందని ఏదో ఒకటి అనేయాలి.

ఆ గురువారమే వచ్చింది బంతి. కళ్ళు గుంటలు పడ్డాయి గానీ మొహం వెలిగిపోతోంది. "అక్కా, ఆస్పత్రి కొత్త పుస్తకం వేస్తున్నారట. అట్ట మీద రిసెప్షన్ ఫొటో ఉండాలన్నారు. పెద్ద డాక్టరుగారు నన్నే నిలబడమన్నారు. అంతమంది పడుచుపిల్లలున్నా నన్నే అడిగారు."

పుల్లక్క టేపు తిప్పింది. అంకె చూసి నమ్మలేక మళ్ళీ కొలిచింది. నోరు తెరిచింది. అట్ట మీద చెల్లెలి బొమ్మ కళ్ళముందు ఆడింది. మూసుకున్న నోరు తెరుచుకునేసరికి అందులోంచి మళ్ళీ పాత అబద్ధమే వచ్చింది.

ఆ కొలత తీసిన తొమ్మిదో రోజున, పొద్దున పదకొండింటికి, ముందు హాల్లో రోగికి చీటీ అందిస్తూ బంతి కుప్పకూలిపోయింది. కౌంటరు అంచుకు నుదురు తగిలి చీరుకుపోయింది. గుండె లయ తప్పిందన్నారు. ఒంట్లో ఉండాల్సిన లవణాలు లేకుండాపోయాయన్నారు. ఆస్పత్రిలోనే పడిపోయింది కాబట్టి బతికింది, ఇంట్లో అయితే చెప్పలేమన్నారు.

ఈ కబురు వినగానే పుల్లక్క మెడలో టేపుతోనే మెట్లెక్కి పరిగెత్తింది. వార్డు గుమ్మంలో ఆగింది. మంచం చుట్టూ ఎంతమందో. నర్సులు, ఇద్దరు డాక్టర్లు, పూలు పట్టుకొచ్చిన రిసెప్షన్ పిల్లలు, చేయి వదలని మొగుడు. మంచం మీద మనిషి ఎక్కడుందో వెతుక్కోవలసినంత చిన్నగా ఉంది. పుల్లక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళ మధ్యలోంచే ఒక ఆలోచన పాములా తలెత్తింది: జబ్బు కూడా దీనికే వచ్చింది. ఇందులో కూడా ఇదే ముందు. దుప్పట్ల సందులో నిలబడి తినే తనను ఎవరు చూశారు? ఎవరు పూలు తెచ్చారు?

తన ఆలోచన తన చెవికి వినబడినట్టయి ఆమె అక్కడే గోడకు చేరబడిపోయింది. ఇంత దూరం వచ్చానా అనుకుంది.

మూడో రోజు, అందరూ బయటికి వెళ్ళాక, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పేసింది. వంకలు పెట్టలేదు.

"బంతీ, నేను నీకు తప్పు కొలతలు చెప్పానే. మొదటి రోజు నుంచీ. ప్రతిసారీ రెండంగుళాలు ఎక్కువ చెప్పాను. కావాలనే చెప్పాను."

తిడుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. మొహం చూడొద్దంటుందనుకుంది. అన్నిటికీ సిద్ధపడే వచ్చింది. బంతి మాత్రం పైకప్పు వైపు చూస్తూ, పెదాలు కదుపుతూ లెక్క వేసుకుంది. ఆ తర్వాత పగిలిన పెదాల మీద మెల్లగా నవ్వు పూసింది.

"అంటే… ఉన్నది అంతేనా అక్కా? నిజంగానా? రెండు తక్కువేనా?"

ఆ నవ్వు చూసి పుల్లక్క స్టూలు వెనక్కి జరుపుకుంది. గుండెకు తీగలు తగిలించుకుని, చేతికి సూదితో, లేచి కూర్చునే ఓపిక లేని మనిషి సంతోషపడుతోంది. తను ఇన్నాళ్ళూ అసూయపడింది చెల్లెలి మీద కాదని అప్పుడర్థమైంది. చెల్లెల్ని లోపలినుంచి తినేస్తున్న దేనిమీదో పడింది. దానికి నెలనెలా మేత వేసింది కూడా తనే.

వసారాలో మానసిక వైద్యం చూసే డాక్టరమ్మ కనబడితే ఆవిడకు కూడా అంతా చెప్పింది. డాక్టరమ్మ తలనెరిసిన మనిషి, తొందర లేని మనిషి. విని, మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు.

"కొలత చెప్పినందుకే ఈ జబ్బు రాదు. మీరు సరిగ్గా చెప్పినా ఆవిడ ఇంకో రెండంగుళాలు వెతుక్కునేవారు. అలాగని మీ మాట ఏమీ చేయలేదనీ చెప్పను. కాలుతున్నదాని మీద నూనె పోశారు మీరు."

"ఈ వయసులో ఇలాంటిది వస్తుందా డాక్టరుగారూ? పదహారేళ్ళ పిల్లలకనుకున్నాను."

"అందరూ అలాగే అనుకుంటారు. పదహారేళ్ళ పిల్ల తినకపోతే అమ్మ కేకలేస్తుంది. యాభై ఏళ్ళావిడ తినకపోతే చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకుంటారు." డాక్టరమ్మ అదే గొంతుతో అడిగింది. "మీరు పొద్దున ఏం తిన్నారు?"

పుల్లక్క తినేశానని చెప్పబోయింది. ఆ మాట చెల్లెలిదని గుర్తొచ్చి ఆగిపోయింది. "ఏమీ తినలేదు. నాలుగింటికి తింటాను. ఎంత తింటానో చెప్పడానికి సిగ్గుగా ఉంది."

"సిగ్గుపడుతూనే చెప్పండి. గురువారం రండి."

మరిదికి కూడా తనే చెప్పింది. ఆయన అంతా విన్నాడు. చివరికి, "కొన్నాళ్ళు మా ఇంటికి రాకండి వదినా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. ఇంట్లో మొగుడికి చెబితే, ఆయన వ్యాను తాళాలు చేతిలో తిప్పుకుంటూ, "నీలో ఇంత ఉందని నాకు తెలీదే" అన్నాడు. కాసేపయ్యాక వచ్చి పక్కన కూర్చుని, "ఆ ఆదివారం నేను అన్నమాట… నా పొట్ట గురించే అన్నాను" అన్నాడు. ఆయనకు గుర్తుందన్న సంగతే ఆమెకు ఆశ్చర్యం.

ఎనిమిది నెలలు అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. బంతి మూడు నెలలు ఆస్పత్రిలో, మిగతా రోజులు ఇంట్లో ఉంది. మధ్యలో ఒకసారి మళ్ళీ దిగజారిందని, తిండి కోసం ముక్కులోంచి ట్యూబు పెట్టారని నర్సుల నోట విన్నది పుల్లక్క. తను గురువారాలు డాక్టరమ్మ గదికి వెళ్ళేది. అక్కడ ఏం మాట్లాడిందో ఎవరికీ చెప్పలేదు. చేయమన్న పని మాత్రం అందరికీ కనబడేదే: వేళకు, కూర్చుని, నలుగురి ముందు తినడం. ఇస్త్రీ తాత పన్నెండు కొట్టగానే పెట్టె ఆపేసి, కత్తిరింపు బల్ల మీద కాగితం పరిచి, "రా అమ్మాయ్" అనేవాడు. ఎందుకని అడగలేదు, ఏమైందని అడగలేదు. మొదట్లో ఆ డబ్బా మూత తీయడం రాయి ఎత్తినంత బరువుగా ఉండేది. కొన్ని రోజులు ఓడిపోయి మళ్ళీ సందులోకి వెళ్ళింది. అలా వెళ్ళిన సంగతి గురువారం నాడు డాక్టరమ్మకు చెప్పేది. నెలలు గడిచేకొద్దీ చెప్పవలసినవి తగ్గాయి. ఒళ్ళు మాత్రం ఉన్నంతే ఉంది. డాక్టరమ్మ దాని గురించి ఒక్క మాట కూడా అడక్కపోవడం ఆమెకు మొదట వింతగా, తర్వాత్తర్వాత విశ్రాంతిగా అనిపించింది.

తొమ్మిదో నెలలో బంతి కుట్టుగది గుమ్మంలో కనబడింది. బుగ్గల్లోకి కాస్త రంగు వచ్చింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నుదుటి మీద మచ్చ ఉండిపోయింది. ఇస్త్రీ తాత ఆమెను చూసి, తనకు ఉతికే గదిలో ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయాడు.

బంతి కూర్చోలేదు. "ఆ రోజు నువ్వు చెబితే నాకు సంతోషమేసింది. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఇప్పుడు కోపం వస్తోంది. రెండు వారాల నుంచీ ఒకటే కోపం. పొద్దున లేవగానే నువ్వే గుర్తొస్తున్నావు. చచ్చిపోయేదాన్ని అక్కా నేను. నువ్వు సూదులు గుచ్చుతూ చూస్తూ ఉన్నావు."

"అవును."

"అవునంటావేంటి? ఏదో ఒకటి చెప్పు. నీకెందుకంత కుళ్ళు నా మీద?"

పుల్లక్క చేతులు ఒడిలో పెట్టుకుంది. ఎనిమిది నెలలుగా చక్కగా పేర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేసింది. "చిన్నప్పటి నుంచీ నిన్ను చూడ్డానికే అందరూ వచ్చేవాళ్ళు. నాకు చూపించుకోడానికి నా నడుమొక్కటే ఉండేది. అదీ పోయింది. నువ్వు తీసుకున్నావనుకున్నాను."

"నేను తీసుకోడమేంటి? అదేమన్నా పెట్టెలో పెట్టిన గాజులా?" బంతి గొంతు పెరిగింది. ఆ గొంతు చాలా రోజులకు పూర్తిగా వినబడింది, గదంతా నిండేలా. "నేను నీ పక్కన నడవాలంటే సిగ్గుపడేదాన్ని తెలుసా? స్కూలుకెళ్ళేటప్పుడు నాలుగడుగులు వెనక నడిచేదాన్ని. నువ్వు ముందు పోతున్నాననుకుని మురిసిపోయేదానివి."

పుల్లక్కకు ఆ నాలుగడుగుల సంగతి తెలుసు. మురిసిపోయిన మాటా నిజమే. కాదనలేదు. చెల్లెలు ఇంకా చాలా అంది. అన్నీ వింది. అనాల్సినవన్నీ అయ్యాక బంతి రొప్పుతూ స్టూలు మీద కూర్చుంది.

"డాక్టరమ్మ కోపం రావడం మంచిదంది. ఆకలీ, కోపమూ కలిసే వెనక్కొస్తాయట."

"వస్తున్నాయా?"

"కోపం బాగా వస్తోంది. ఆకలే బద్ధకిస్తోంది." నవ్వబోయి ఆపుకుంది బంతి. "ఒక మాట. ఇంకెప్పుడూ నా ఒంటి మీద టేపు పెట్టకు. కొత్త కోటు బజారులో కుట్టించుకుంటాను."

"సరే."

మరుసటి వారం బంతి సగం పూట పనికి వచ్చింది. ఆస్పత్రి పుస్తకం అట్ట మీద ఎవరో కుర్రడాక్టరు బొమ్మ వేశారు, దాని ఊసు ఇద్దరూ ఎత్తలేదు. బజారు దర్జీ కుట్టిన కోటును పుల్లక్క వసారాలో దూరం నుంచే చూసింది. కాలరు ఒకవైపు లేచి ఉంది. చేయి అతికించిన చోట ముడతలు. ఇరవై రెండేళ్ళుగా తన చేతి కుట్టు తప్ప ఎరగని ఆ ఒంటి మీద పరాయి కుట్టు చూసేసరికి ఆమెకు భగ్గుమంది. మొహం కూడా ఎరగని ఆ దర్జీ మీద కుళ్ళు పుట్టుకొచ్చింది. ఆ వారం డాక్టరమ్మతో అదే చెప్పింది. "మనసులో పుట్టింది పుట్టనివ్వండి. నోటిదాకా వచ్చేసరికి ఏమవుతుందో చూసుకోండి చాలు" అంది ఆవిడ.

కోటు గురించి పుల్లక్క నోరు విప్పలేదు. అది ఆమెకు చిన్న విషయం కాదు.

బంతిని ఒంటరిగా తినొద్దన్నారు. ఇంట్లో మొగుడు కూర్చుంటాడు. పనిలో ఉన్నప్పుడు ఎవరితో అన్నది తేలక, ఒక బుధవారం పన్నెండింటికి తన డబ్బాతో ఆస్పత్రి క్యాంటీన్‌కు వచ్చి, ఈమధ్య అక్కడే తింటున్న పుల్లక్క బల్ల ఎదుట కుర్చీ లాక్కుంది.

"నీతో రాజీపడ్డానని అనుకోకు. ఇక్కడ నీ అంత నెమ్మదిగా తినేవాళ్ళు ఎవరూ లేరు. మిగతావాళ్ళు అయిదు నిమిషాల్లో లేచిపోతారు, నాకు కంగారొస్తుంది."

"సరే, కూర్చో."

ఇద్దరూ డబ్బాలు తెరిచారు. బంతి చెంచా పట్టుకుని చాలాసేపు దాని వంకే చూసింది. పుల్లక్క కళ్ళు చెల్లెలి డబ్బాలోకి పోయాయి. ఎంత తెచ్చింది, ఎంత తింటుంది, తనకన్నా తక్కువా ఎక్కువా.

"నా డబ్బాలోకి చూడకు. నీది చూసుకో" అంది బంతి.

పుల్లక్క తల దించుకుని తన భోజనం తను తినసాగింది. ముద్దకూ ముద్దకూ మధ్య బంతి కౌంటరు దగ్గరికి వచ్చిన ఒక ముసలాయన సంగతి చెప్పింది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని కళ్ళజోడు పోయిందని ఫిర్యాదు రాయించాడట. చెబుతూ చెబుతూ ఒక చెంచా, ఆగి ఇంకో చెంచా. పక్క బల్ల మీద కూర్చున్న నర్సులు కూడా ఆ కబురు వినడానికి ఇటు తిరిగారు. ఎప్పటిలాగే అందరి చూపూ బంతి మీదే ఉంది. పుల్లక్కకు కాస్త గుచ్చుకుంది. గుచ్చుకున్నా, కథ బాగుండబట్టి, ఆమె కూడా నవ్వింది.

ఆ భోజనం ముగిసేసరికి ఒంటిగంట దాటింది. బంతి డబ్బాలో మూడోవంతు మిగిలిపోయింది. ఆమె దాన్ని మూతపెట్టకుండా కాసేపు చూసి, మళ్ళీ చెంచా అందుకుంది.